వరసందరి పటిక

రక్తం బావ నిద్రలో పోయాడు. జీవితమంతా నెత్తుటి మధ్య బతికినవాడు, ఒంటి మీద చిన్న గీతైనా పడకుండా, ఒక్క చుక్కైనా కారకుండా, మర్నాటి అమ్మకానికి కత్తులన్నీ నూరి వరసగా పెట్టుకుని మరీ పోయాడు. "పోయేవాడు కత్తులెందుకు నూరినట్టు?" అని ఆయన భార్య ఏడుపు మధ్యలో ఆగి అడిగింది. ఆయన లేచి జవాబు చెప్పేదాకా ఊరుకునేది లేదన్నట్టు అడిగింది.

మార్కెట్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, మటన్ కొట్టువాడు కదా, మేకల వల్ల వచ్చిన పేరనుకునేవారు. కాదు. ఆయన రక్తదానం చేసేవాడు. ఇవ్వడానికి మళ్లీ అర్హత వచ్చిన రోజున, పెళ్లిచూపులకి వెళ్లేవాడిలా తల దువ్వుకుని బ్లడ్ బ్యాంకుకి బయల్దేరేవాడు. "రోజూ తీసేవాడేగా, అప్పుడప్పుడు ఇవ్వకపోతే పైన ఒప్పుకోరు" అనేవాడు పక్కనే కోళ్ల కొట్టు పెట్టుకున్న బావమరిది.

ఈ దానమంతా మొదలైంది ఒక అవమానంతో. భార్యకి కాన్పు కష్టమై రక్తం కావాల్సి వచ్చింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, ఏదో యుద్ధానికి పోతున్నట్టు బల్ల మీద పడుకున్నాడు. గొట్టంలో తన రక్తం ఎర్రగా పాకుతూ పోవడం చూశాడు. అంతే, పెద్ద పెద్ద మేకపోతుల్ని ఒంటిచేత్తో కొక్కేనికి తగిలించే మనిషి కళ్లు తేలేశాడు. సంచీ నిండకముందే సూది తీసేసి, మొహాన నీళ్లు కొట్టాల్సి వచ్చింది. ఆమెకి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చిన రక్తం ఎక్కించారు. తల్లీ పిల్లా బతికి బట్టకట్టారు.

"మా అక్క ఒంట్లో తిరిగేది ఎవరి రక్తమోగానీ బావా, నీది మాత్రం కాదు" అన్నాడు బావమరిది, అప్పుడే పుట్టిన మేనకోడల్ని ఎత్తుకుని.

ఆ మాట చేప ముల్లులా గొంతులో ఇరుక్కుంది. కొన్నాళ్లకి ఎవరికీ చెప్పకుండా మళ్లీ వెళ్లాడు. ఈసారి గొట్టం వైపు చూడకుండా పైకప్పు మీద పెచ్చులూడిన చోటు చూస్తూ పడుకున్నాడు. సంచీ నిండింది. ఆ పూటనుంచి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఇల్లంతా బ్లడ్ బ్యాంకు వాళ్లిచ్చిన కానుకలే. గోడ గడియారం, ఫ్లాస్కు, చేతిసంచీ, గొడుగు. వానలో ఎవరైనా గొడుగు అడిగితే "జాగ్రత్త, అది నా నెత్తురు" అని చెప్పి ఇచ్చేవాడు. మోచేతి మడతలో అంటించిన ప్లాస్టర్ ఊడిపోతుందని స్నానం వాయిదా వేసేవాడు. చలికాలంలో కూడా చొక్కా చెయ్యి దించేవాడు కాదు. "ఈయన ఒంట్లో ఇంకాస్త రక్తముంటే ఫ్రిజ్ కూడా వచ్చేది" అనేది భార్య. కానీ చుట్టాలొస్తే గడియారం కింద వాళ్లకి కుర్చీ వేసేది కూడా ఆవిడే.

మార్కెట్లో మాంసం కొట్లన్నీ ఒకే వరస. మొదటిది ఆయనది, తర్వాతది బావమరిది కోళ్ల కొట్టు, ఆ తర్వాత చేపల పిన్ని గట్టు, ఆపైన ఇంకొన్ని. మొదటి రెండు కొట్ల మధ్య స్తంభానికి ఒక మేకు, ఆ మేకుకి పురికొసతో వేలాడే పటిక గడ్డ. దాన్ని అక్కడ కట్టింది రక్తం బావే. కత్తి పనిలో చెయ్యి తెగనివాడుండడు. తెగినవాడు స్తంభం దగ్గరికొచ్చి, తడిచేత్తో పటికని రుద్దుకుని, "స్స్" అని ఒక్కసారి గాలి పీల్చి, మళ్లీ మొద్దు ముందుకి పోయేవాడు. రక్తం టక్కున ఆగిపోయేది. పిన్నికి చేప ముళ్లు గుచ్చుకున్నా ఆ పటికే, బావమరిదికి కోడి రక్కినా ఆ పటికే. వాడి వాడి అది పాత చెప్పు మడమలా ఒక పక్కకి అరిగిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా బావకి తను ఊరికి బావి తవ్వించినంత గర్వం.

అలా ఉండగా బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చింది.

"ఒకసారి వచ్చి కలుస్తారాండీ? మాట్లాడాలి. మీరొక్కరే వస్తే మంచిది" అందొక అమ్మాయి.

ఆయన ఫోన్ పెట్టేసి, కత్తి మొద్దులో దించి, భార్యవైపు తిరిగాడు. "సన్మానం చేస్తున్నారే."

"సన్మానమని చెప్పారా?"

"చెప్తారా ఎక్కడైనా? ఒక్కడినే రమ్మన్నారంటేనే తెలియడం లేదూ? ఇంట్లోవాళ్లకి ముందే తెలిస్తే మజా ఉండదని."

అందుకని ఇంట్లోవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లాడు. తను ఇస్త్రీ చొక్కా వేసుకుని సెంటు కొట్టుకున్నాడు. భార్య పెళ్లిళ్లకి కట్టే చీర కట్టింది. బావమరిది ఫోటోలు తీయడానికి ఫోన్ నిండా చార్జి పెట్టుకొచ్చాడు. దారి పొడుగునా బావ ఏం మాట్లాడాలో చెప్పి చూసుకున్నాడు. "నేను చేసింది ఏమీ లేదు, ఉన్నదే ఇచ్చాను" అన్న వాక్యం దగ్గర గొంతు కాస్త వణకాలా అక్కర్లేదా అని భార్యనడిగాడు. "వణికితే మళ్లీ కళ్లు తిరిగాయనుకుంటారు, వద్దు" అందావిడ.

తీసుకెళ్లింది మాత్రం పెద్ద హాల్లోకి కాదు, నడవా చివర చిన్న గదిలోకి. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద కాగితపు రుమాళ్ల డబ్బా, మూలన దుమ్ముపట్టిన ప్లాస్టిక్ మొక్క. కౌన్సెలర్ అమ్మాయి, ఫోన్ చేసింది ఆవిడే, తలుపు మూసింది. బావకి వేదిక చిన్నదనిపించినా, అవకాశం వదలడమెందుకని మొదలుపెట్టాడు.

"నేను చేసింది ఏమీ లేదమ్మా, ఉన్నదే..."

"బాబాయ్ గారూ, ముందు నేను చెప్పేది వినండి" అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఇచ్చిన ప్రతి సంచీనీ పరీక్షించాకే ఎవరికైనా ఎక్కిస్తామని చెప్పింది. హెచ్ఐవీ చూస్తారు, హెపటైటిస్ బి చూస్తారు, సి చూస్తారు, ఇంకా కొన్ని చూస్తారు. ఈసారి ఆయన రక్తంలో హెచ్ఐవీ లేదు, బి లేదు. సి ఉన్నట్టు తేలింది. కాలేయానికి పట్టే వైరస్. ఇది మొదటి పరీక్షే, ఖాయం చేయడానికి ఇంకోటి చేయాలి. ఖాయమైనా భయపడొద్దు, మాత్రలున్నాయి, సుమారు మూడు నెలలు వాడితే చాలామందికి పూర్తిగా పోతుంది.

ఆయన ఇదంతా విని చాలాసేపు ప్లాస్టిక్ మొక్కని చూశాడు.

"మరి నా సంచీ?"

"ఏ సంచీ?"

"మొన్న ఇచ్చింది."

"అది వాడలేమండీ. పారేస్తాం."

"పారేశారా?" అన్నాడాయన. జబ్బుందన్నప్పుడు చలించని గొంతు ఇక్కడ పగిలింది. ఆ అమ్మాయి రుమాళ్ల డబ్బా ముందుకి జరిపింది. "ఇంతకుముందు ఇచ్చినవన్నీ?" అని అడిగాడు.

"అప్పట్లో ప్రతిసారీ పరీక్షలో ఏమీ రాలేదు. ఈ మధ్యే ఎక్కడో అంటుకుని ఉండాలి. కానీ బాబాయ్ గారూ, ఇక మీరు రక్తం ఇవ్వకూడదు. నయమైనా సరే."

ఇక ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. పచ్చబొట్టు పొడిపించుకున్నారా, పన్ను పీకించుకున్నారా, ఎవరి రేజరైనా వాడారా, వాడిన సూదితో ఇంజెక్షను చేయించుకున్నారా? అన్నింటికీ లేదనే జవాబు. చివరికి ఆవిడ చూపు ఆయన వేళ్ల మీది గాట్ల దగ్గర ఆగింది.

"పనిలో తెగుతుంటాయిగా. తెగితే ఏం చేస్తారు?"

"పటిక రాస్తాం."

"ఎవరి పటిక?"

"వరసందరిదీ" అన్నాడాయన గర్వంగా. అన్న తర్వాత, ఆ అమ్మాయి మొహం చూశాక, ఆ గర్వం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పటిక రక్తాన్ని ఆపుతుంది గానీ వైరస్‌ని చంపుతుందని నమ్మడానికి లేదని, ఒకరి నెత్తురు దాని మీద ఆరీ ఆరకముందే ఇంకొకరి తెగిన వేలు తగిలితే అంటుకోవచ్చని ఆవిడ చెప్పింది. దాని వల్లే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ దాన్ని వాడినవాళ్లంతా పరీక్ష చేయించుకుంటే మంచిది. ఈ జబ్బు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లోపల కూర్చుంటుంది. "మీ పేరు మేం ఎవరికీ చెప్పం. వాళ్లకి చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం."

బయట బావమరిది ఫోన్ ఎత్తిపట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఏమిచ్చారు బావా? చేతిలో ఏమీ లేదే."

"ఇచ్చేవాడు సెలవులో ఉన్నాడట" అన్నాడు బావ. భార్యని మెట్ల వైపు తీసుకెళ్లి గొంతు తగ్గించి సంగతి చెప్పాడు.

ఆవిడ ఆయన్ని చెప్పులనుంచి జుట్టుదాకా చూసింది. అరిగిన మడమలు, పొట్ట, ఇస్త్రీ చొక్కా, సెంటు. "ఎక్కడో తిరిగి తెచ్చుకున్నారని అనుమానపడదామన్నా మీ మొహం అడ్డొస్తోంది" అంది. అని, చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. దూరంనుంచి బావమరిది అది ఫోటో తీశాడు. సన్మానం రోజున దిగిన ఫోటో అదొక్కటే.

అప్పుడే లోపలికెళ్లి ఆవిడా పరీక్షకి రక్తమిచ్చింది. కొన్నాళ్లకి ఆవిడకేమీ లేదని, ఆయనకున్నది నిజమేనని తేలింది. మాత్రలు మొదలయ్యాయి.

"ఎవరితోనూ అనకండి" అంది భార్య. "ఆ అమ్మాయి చెప్పింది నిజమే, మాంసం వల్ల ఎవరికీ రాదు, ముట్టుకుంటే రాదు. మీకు తెలుసు, నాకు తెలుసు. కొనేవాళ్లకి ఎవరు చెప్తారు? జబ్బు మనిషి కొట్టిన మాంసమంటే కుక్క కూడా వాసన చూడదు. బీపీ అని చెప్పండి. బీపీ ఉందంటే గౌరవం కూడాను."

"మరి పటిక?"

"తీసేయండి. పటిక లేకపోతే గొడవే లేదు."

ఆయనకీ అదే బాగుందనిపించింది. మర్నాడు అందరికంటే ముందొచ్చి, పురికొస తెంపి పటికని కాలవలో పారేశాడు. పొద్దెక్కాక బావమరిది బోసిపోయిన మేకు చూసి ఆశ్చర్యపోయాడు. సాయంత్రానికల్లా కొత్త గడ్డ తెచ్చి కట్టాడు. పాతదానికంటే పెద్దది. "నువ్వు పెట్టిన ధర్మం బావా, నా చేతుల్లో ఆగిపోతుందా?" అన్నాడు.

దాన్నీ పారేశాడు బావ. ఈసారి పిన్ని తెచ్చి కట్టింది, తాడుకి బదులు గొలుసుతో. దాన్ని విప్పడానికి బావ కటింగ్ ప్లయర్ తెచ్చుకోవాల్సి వచ్చింది. దాంతో వరసంతా దొంగ మీద పగబట్టింది. పటిక దొంగ ఎవడై ఉంటాడన్నదే ఆ రోజుల్లో మార్కెట్లో అసలు వ్యాపారం.

"వాడి చేతులు పటికలా అరిగిపోను" అనేది పిన్ని, చేప పొలుసులు గీకుతూ. "వాడి ఇంట్లో ఉప్పు కరిగిపోను. వాడి పొట్టలో పురుగు తిరగను." చివరి శాపం వినగానే బావ చెయ్యి తెలియకుండానే పక్కటెముకల కిందికి, కాలేయం ఉండే చోటికి పోయేది.

"కాపలా కాద్దాం" అన్నాడు బావమరిది. కాపలాకి పెద్దమనిషిగా ఎవర్ని పెట్టాలన్న ప్రశ్నొచ్చింది. అందరూ ఏకగ్రీవంగా రక్తం బావని పెట్టారు.

ఇంటికెళ్లి ఆ సంగతి చెప్తే భార్య నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. "వాళ్లు తెచ్చిన ప్రతి గడ్డనీ నేను పారేయొచ్చు. ఇప్పటిదాకా రుద్దుకున్నది ఎలా పారేస్తానే?" అన్నాడు. "నీ తమ్ముడు రుద్దుకున్నాడు. వాడి ఒంట్లో ఇప్పుడు ఏం కూర్చుందో ఎవరికి తెలుసు?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కానీ చెప్పమనలేదు. కొట్టు మీదే బతుకు, కూతురి చదువు ఇంకా సగంలో ఉంది. చెప్పొద్దనీ మళ్లీ అనలేదు.

ఏటా మార్కెట్ షెడ్డులో రక్తదాన శిబిరం జరిగేది. అది పెట్టించిందీ ఆయనే. మొదటి మంచం ఆయనది. ఆయన పడుకుని, సూది గుచ్చాక పిడికిలి పైకెత్తి చూపిస్తేగానీ మిగతావాళ్లు కదిలేవారు కాదు. ఆ ఆదివారం వచ్చింది. మంచాలు వేశారు, తెల్ల దుప్పట్లు పరిచారు. కౌన్సెలర్ అమ్మాయి కూడా వచ్చి ఒక మూల బల్ల వేసుకుంది. ఆయన్ని చూసి తెలియనట్టే ఊరుకుంది. బావ 'బీపీ' అన్న మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని, తన కొట్లో మొద్దు దగ్గర అవసరం లేకపోయినా ఎముకలు కొడుతూ నిలబడ్డాడు. ముందు కొనడానికొచ్చినవాళ్ల వరస ఉంది.

"బావా, మంచం చల్లారిపోతోంది" అని అరిచాడు బావమరిది. అరుస్తూ కోడిని కొడుతున్నాడు. కత్తి బొటనవేలి మీద పడింది. తిట్టుకుంటూ స్తంభం దగ్గరికొచ్చి, ఆ వారం తెచ్చిన కొత్త పటికకి వేలు అదిమాడు. తెల్లటి గడ్డ మీద ఎర్రటి చార పాకింది. పటికని వదిలాడో లేదో, వెనకాలే పిన్ని వచ్చింది, మధ్యవేలికి గుచ్చుకున్న చేప ముల్లు పళ్లతో పీకి ఊసేస్తూ. నెత్తురు చుక్క ఉన్న ఆ వేలు పటిక వైపు చాచింది.

బావ మొద్దుకి ఇవతలినుంచి ఒక్క అంగలో వచ్చి, ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో పటికని గొలుసుతో సహా మేకునుంచి పీకేశాడు.

"ఇదేంట్రా అబ్బాయ్, చెయ్యి వదులు" అంది పిన్ని.

"ముట్టుకోకు పిన్నీ."

"ఏం, నీ సొమ్మా?"

"నా జబ్బు" అన్నాడాయన.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. కొనేవాళ్లూ చూస్తున్నారు. ముందున్న ఒకాయన చేతిలో అప్పుడే కట్టిచ్చిన మాంసం పొట్లముంది. బీపీ అన్న మాట నోట్లోంచి ఎటు పోయిందో ఆయనకే తెలియదు. పటిక చేత్తో పట్టుకుని, సన్మానంలో చెప్పలేకపోయిన ఉపన్యాసానికి బదులు ఇది చెప్పాడు. ఫోన్ రావడం, చిన్న గది, సంచీ పారేయడం, మాత్రలు, పటిక. తన నుంచి వాళ్లకి వచ్చిందో, వాళ్లనుంచి తనకి వచ్చిందో తెలియదన్నాడు. మాంసం వల్ల రాదని చెప్పాడు. చెప్పి, పరీక్షలు చేసే అమ్మాయి అదిగో ఆ మూల కూర్చుందని వేలు చూపించాడు.

పొట్లం పట్టుకున్నాయన దాన్ని చప్పుడు కాకుండా మొద్దు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు. కొట్టు ముందు వరస నీళ్లలో ఉప్పులా కరిగిపోయింది. బావ భార్య గల్లాపెట్టె వెనక నిలబడి ఒక్కొక్కరి వీపూ చూసింది. 

ముందుగా నోరు తెరిచింది పిన్ని. "అయితే పటిక దొంగవి నువ్వేనన్నమాట."

"నేనే."

"నా గొలుసు కూడా?"

"నేనే పిన్నీ."

"నీకు పెట్టిన శాపాలన్నీ వెనక్కి తీసుకోవాలంటే నాకు సాయంత్రం దాకా పడుతుంది" అని, ఆవిడ రక్తం కారుతున్న వేలుని చెంగుతో చుట్టుకుని, మూలనున్న బల్ల దగ్గరికి నడిచింది. కుర్చీలో కూలబడి చెయ్యి చాపింది. "తియ్యమ్మా. చేప వాసనొస్తుంది, ఏమీ అనుకోకు."

ఆవిడ లేచాక వరసంతా ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆఖరున బావమరిది. సూది దిగేటప్పుడు ధైర్యంగానే ఉన్నాడు. చిన్న గాజుగొట్టంలోకి తన రక్తం ఎగబాకడం చూశాడు. కళ్లు తేలేసి, కుర్చీలోంచి జారి, పక్కనే నిలబడ్డ రక్తం బావ చేతుల్లో పడ్డాడు. చిన్న గొట్టానికే.

తెప్పరిల్లాక మొదట వినిపించింది బావ గొంతే. "అరె, నేనైతే సగం సంచీ దాకా ఆగాను."

ఆ రోజు మొదటి మంచం చాలాసేపు ఖాళీగా ఉంది. చివరికి బావ కూతురు కాలేజీ సంచీ పక్కన పెట్టి, చెప్పులు విడిచి, వచ్చి పడుకుంది. ఆయన ఆ పిల్ల తల దగ్గర స్టూలు మీద కూర్చుని, "గొట్టం వైపు చూడకు, పైకి చూడు, షెడ్డు రేకులు చూడు" అని చెప్తూనే ఉన్నాడు. ఆ పిల్ల మాత్రం గొట్టాన్నే చూసింది. ఏమీ కాలేదు.

వరసలో ఇంకొకరికే ఉన్నట్టు తేలింది. బావమరిదికి. ఇద్దరూ ఒకే రకం మాత్రలు, ఒకే ఫ్లాస్కులో నీళ్లతో మింగారు. ఇద్దరికీ నయమైంది. కానీ కొట్టు కోలుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చున్న పూటలు చాలా ఉన్నాయి. బావమరిది కొట్టు ముందూ అంతే. చేపలకొచ్చినవాళ్లు మటన్ కొట్టు చూసి మూతి విరిస్తే పిన్ని ఊరుకునేది కాదు. "నువ్వు తినేది మేకనమ్మా, వాణ్ణి కాదు. వాడు ఉడకడు కూడా" అనేది. అలా తిట్టించుకున్నవాళ్లలో కొందరు సిగ్గుపడి కొన్నారు, కొందరు కొనకుండానే పోయారు. ఎప్పటికీ తిరిగిరానివాళ్లూ ఉన్నారు. మేకుకి మళ్లీ ఎవరూ పటిక కట్టలేదు. ఎవరి కొట్లో వాళ్లు ప్లాస్టర్ల డబ్బా పెట్టుకున్నారు.

రక్తం బావ మళ్లీ రక్తం ఇవ్వలేదు. పేరు మాత్రం పోలేదు. ఏటా శిబిరంలో స్టూలు వేసుకుని మొదటి మంచం తల దగ్గర కూర్చుని, గొట్టం వైపు చూడొద్దంటూ పడుకున్నవాళ్ల బుర్ర తినేసేవాడు.

ఇక బావా బావమరిదీ బతికినన్నాళ్లూ ఒకే పోట్లాట. నీ నుంచి నాకొచ్చిందంటే, కాదు నీ నుంచే నాకని. పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో, ఎక్కడ కలిస్తే అక్కడ. నీ వేలు ముందు తెగిందంటే నీ వేలు ముందని పాత గాట్లు చూపించుకునేవారు. కౌన్సెలర్ అమ్మాయిని పంచాయితీకి పిలిస్తే, అది తేల్చే పరీక్ష తన దగ్గర లేదని తప్పించుకుంది. ఓడిపోవడానికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు.

పోయాక ఆయన్ని పడుకోబెట్టిన గదిలో, గడియారం కింద, మెట్ల దగ్గర తీసిన ఆ ఫోటో పెట్టారు. ఇస్త్రీ చొక్కా, బిత్తర చూపు, పక్కన ఆయన చెయ్యి పట్టుకున్న భార్య. వేరే మంచి ఫోటో లేకపోయింది. బావమరిది వచ్చి బావ తల దగ్గర కూలబడ్డాడు. చాలాసేపు బొటనవేలి మీది పాత గాటుని రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"సర్లే బావా. నా నుంచే నీకొచ్చింది. ఒప్పుకుంటున్నా. ఇంక లే" అన్నాడు.

 మూలనుంచి ఆయన భార్య ముక్కు చీదుకుని, "ఇప్పుడా ఒప్పుకునేది?" అంది. "నిన్న ఒప్పుకుని ఉంటే ఆ సంతోషానికైనా ఇంకో పదేళ్లు బతికేవాడు కదరా."